పరిచర్య నుండి చికిత్సకు

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుంటుపడినను చికిత్స నడువదు. పరిచారకునకు ఉండవలసిన గుణములను కూడ ఆ గ్రంథమే పేర్కొన్నది: ఉపచారము తెలిసియుండుట, పనిలో నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. వీనిలో మొదట నిలిచినది తెలిసియుండుట. అనురాగము దాని తరువాతనే వచ్చినది. కాలక్రమమున లోకము ఈ వరుసను తలక్రిందులు చేసినది. నర్సు అనగానే మనకు తెల్లని దుస్తులు, మెత్తని చేయి, ఓర్పు గల ముఖము స్మరణకు వచ్చును. ఆమెకు ఎంత తెలియును, ఎంత తెలియవలెను అను ప్రశ్న సాధారణముగా రాదు.

ఆ ప్రశ్న దూరదేశములకు చెందినది కాదు. గ్రామ కార్యక్రమముల నిమిత్తము పల్లెలకు పోయినపుడు మేము పలుమార్లు చూచిన దృశ్యమొకటి కలదు. ఆరోగ్య ఉపకేంద్రము వసారాలో నర్సమ్మ కూర్చుండి యుండును. చుట్టును తల్లులు, పిల్లలు, వృద్ధులు. బిడ్డకు జ్వరమనువారు కొందరు, కాళ్ళు వాచినవనువారు కొందరు, రక్తపుపోటు బిళ్ళలు అయిపోయినవనువారు కొందరు. డాక్టరుగారు వచ్చు దినము వేరు. అంతవరకు ఆ ఊరికి వైద్యమనిన ఆమెయే. ఆమె చేయుచున్న పనికి ఆమెకు చెప్పిన చదువు సరిపోవునా? సరిపోనిచో ఎంత చదువు కావలెను? అది ఎవరు చెప్పవలెను? చదివిన పిమ్మట ఆమెకు ఏ అధికారము ఇయ్యవలెను?

ఈ ప్రశ్నలను అమెరికా సంయుక్తరాష్ట్రములు అరువది యేండ్లుగా తర్కించి, కలహించి, కొంతవరకు తేల్చుకొన్నవి. నర్సులకు విశ్వవిద్యాలయములలో స్నాతకోత్తర విద్య నేర్పి, పసిబిడ్డ మొదలు పండుముసలి వరకు కుటుంబమందలి అందరికిని ప్రథమ చికిత్సకులుగా వారిని తీర్చిదిద్దు పద్ధతి అచ్చట నెలకొన్నది. అట్టివారిని అచ్చట 'ఫ్యామిలీ నర్సు ప్రాక్టీషనరు' అందురు. ఆ విద్య ఎట్లు పుట్టినదో, ఏ అడ్డంకులను దాటి వచ్చినదో ఈ ప్రసంగమున చెప్పుకొందము.

ఈ కథకు 1965వ సంవత్సరము ఆది యని చెప్పుట ఆచారము. దాని వేళ్ళు మాత్రము అంతకంటె లోతుగా నున్నవి. 1893లో లిలియన్ వాల్డ్ అను యువతి న్యూయార్కు నగరమున వలస కుటుంబములు క్రిక్కిరిసియున్న పేటలో తల్లులకు గృహపరిచర్య గూర్చి పాఠములు చెప్పుచుండెను. ఒకనాడు ఒక చిన్న బాలిక వచ్చి ఆమెను తన తల్లి యొద్దకు తీసికొనిపోయెను. ఆ తల్లి ప్రసవానంతర రక్తస్రావముతో మాసిన పక్కమీద పడియుండెను. వాల్డ్ అప్పటికి నర్సు విద్య ముగించి వైద్యకళాశాలలో చేరియుండెను. ఆ దృశ్యము చూచిన పిమ్మట కళాశాలను విడిచి, ఆ పేటలోనే కాపురముండి ఇంటింటికిని తిరుగ నారంభించెను. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంటు అను ప్రసిద్ధ సంస్థ అట్లు పుట్టినది. 1913 నాటికి అందు 92 మంది నర్సులు ఏటా రెండు లక్షల గృహసందర్శనములు చేయుచుండిరి. పుండ్లు కట్టిరి, లేపనములు పూసిరి, జ్వరములు కనిపెట్టిరి. ఇది తమ వృత్తిలో జోక్యమని కొందరు డాక్టర్లు ఆనాడే ఆక్షేపించిరి.

రెండవ వేరు కెంటకీ రాష్ట్రపు కొండలలో నున్నది. మేరీ బ్రెకిన్‌రిడ్జ్ తన ఇద్దరు బిడ్డలను పసితనముననే పోగొట్టుకొనిన తల్లి. నర్సు విద్యకు తోడు ఇంగ్లండులో మంత్రసాని విద్య కూడ నేర్చి, 1925లో ఆ కొండలలో ఫ్రాంటియర్ నర్సింగు సర్వీసును స్థాపించెను. రోడ్లు లేని ఆ సీమలో నర్సులు గుఱ్ఱములపై వాగులు దాటి ప్రసవములు చేయించిరి. ప్రసవములతో పాటు కుటుంబమందలి ఇతర రుగ్మతలను కూడ చూచిరి. ఏ లక్షణమునకు ఏమి చేయవచ్చునో, ఎచ్చట ఆగవలెనో లెక్సింగ్టన్ నగరపు వైద్యులు వ్రాసియిచ్చిన సూచనల పుస్తకము వారికి ఆధారము. ఆ సూచనలు ఒక విధముగా అధికారపత్రము, ఒక విధముగా పొలిమేర రాయి.

ఈ రెండు ఉదాహరణములలోను ఒక విచిత్రము కలదు. డాక్టరు లేని చోట నర్సు చేయగా మెచ్చుకొనిన పనిని, డాక్టరు ఉన్న చోట చేసినచో తప్పు పట్టుచుండిరి. కొండలలో శిశువు గుండె చప్పుడు వినిన చెవియే పట్టణపు ఆసుపత్రిలో వినరాదు. రోగి తన రక్తపుపోటు ఎంతయని అడిగినచో, 'డాక్టరుగారిని అడుగుడు' అని చెప్పుట చాల ఆసుపత్రులలో నర్సుకు నేర్పిన మర్యాద. ఆమె చేయునది తెలివితో కూడిన పని యని ఒప్పుకొనుటకు ఎవరును సిద్ధముగా లేరు. అవసరము మాత్రము దానిని దాటిపోనిచ్చుచుండెను.

నర్సు విద్యాలయములు చాలవరకు ఆసుపత్రుల క్రింద నుండెను. విద్యార్థిని అనగా జీతము తక్కువ గల పనిమనిషి యని అర్థము. 1923లో యేల్ విశ్వవిద్యాలయమున నర్సు విద్యకు ప్రత్యేక శాఖ, ప్రత్యేక డీను ఏర్పడుట గొప్ప మార్పు. అయినను పై చదువులు చదివిన నర్సులకు దొరకిన ఉద్యోగములు రెండే: పాఠములు చెప్పుట, కార్యాలయమున కూర్చుండి ఇతర నర్సులపై పెత్తనము చేయుట. అనగా చదువు పెరిగినకొలది ఆమె రోగి మంచమునకు దూరమగుచుండెను. ఈ వరుసను మొట్టమొదట మార్చినది హిల్డెగార్డ్ పెప్లా. ఆమె 1954లో రట్‌గర్స్ విశ్వవిద్యాలయమున మానసిక రోగుల పరిచర్యలో స్నాతకోత్తర విద్యను నెలకొల్పెను. ఎక్కువ చదివిన నర్సు రోగికి మరింత దగ్గర కావలెనను సిద్ధాంతము అచ్చట రూపు దాల్చినది.

ఇంతలో డ్యూక్ విశ్వవిద్యాలయమున జరిగిన యొక సంఘటన చెప్పదగినది. 1957 ప్రాంతమున నర్సు విద్యాచార్యురాలు థెల్మా ఇంగిల్స్, వైద్యాచార్యుడు యూజీన్ స్టెడ్ కలిసి, అనుభవము గల నర్సులకు చికిత్సాశాస్త్రము నేర్పు స్నాతకోత్తర పాఠ్యక్రమమును తయారు చేసిరి. నర్సు విద్యలకు గుర్తింపు ఇయ్యవలసిన జాతీయ సంస్థ దానిని అంగీకరింపలేదు. నర్సులకు వైద్యులు పాఠములు చెప్పుట, నర్సులు వైద్యుల పనులు నేర్చుట దానికి నచ్చలేదు. స్టెడ్ విసిగి, సైన్యమున వైద్యసహాయకులుగా పనిచేసి వచ్చిన పురుషులను చేరదీసి, 1965లో 'ఫిజీషియన్ అసిస్టెంటు' అను క్రొత్త వృత్తిని ఆరంభించెను. నర్సులకు తెరువబోయిన తలుపును నర్సుల పెద్దలే మూయగా, ఆ త్రోవన మరియొకరు నడచిపోయిరి. వృత్తిగౌరవమును కాపాడుట యెట్లను విషయమున పెద్దలు పొరపడినచో నష్టము పిన్నలకు కలుగునని దీనివలన తెలియుచున్నది.

అదే 1965లో కొలరాడోలో వేరొక తలుపు తెరచుకొన్నది. దానిని తెరచినది లొరెటా ఫోర్డ్. ఆమె 1920లో న్యూయార్కున జన్మించెను. ఉపాధ్యాయురాలు కావలెనని ఆమె కోరిక. ఇంటి స్థితిగతులు అందుకు అనుకూలింపలేదు. ఆసుపత్రి నర్సు విద్యాలయమున చదివి 1941లో బయటికి వచ్చెను. యుద్ధమున కాబోవు భర్త మరణింపగా తాను సైన్యపు నర్సుగా చేరెను. యుద్ధానంతరము కొలరాడో విశ్వవిద్యాలయమున క్రమముగా మూడు పట్టములు పొందెను. 1961లో వచ్చిన చివరిది విద్యాశాస్త్రమున డాక్టరేటు. ఈ మధ్యలో ప్రజారోగ్య నర్సుగా ఆ రాష్ట్రపు పల్లెలలో తిరిగి, చర్చీలలోను బడులలోను తాత్కాలిక క్లినిక్కులు నడిపెను. డాక్టర్లు అరుదైన ఆ చోట్ల నర్సు ఏమేమి చేయవలసి వచ్చుచున్నదో ఆమె స్వయముగా చూచెను. తగిన విద్య లేక చేయుచున్న పనిని విద్యతో చేయించవలెనని తలచెను.

ఆమెకు తోడైనవాడు శిశువైద్యాచార్యుడు హెన్రీ సిల్వర్. కాలము కూడ కలసివచ్చినది. యుద్ధము తరువాత యువవైద్యులు విశేషశాఖలవైపు మొగ్గుటచే సాధారణ వైద్యుల కొరత ఏర్పడియుండెను. 1965లోనే వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకములు రాగా, అంతవరకు వైద్యము కొనలేనివారు కూడ ఆసుపత్రి గడప త్రొక్కిరి. చూచువారు తక్కువ, వచ్చువారు ఎక్కువ. ఫోర్డ్, సిల్వర్ నడిపిన తొలి పాఠ్యక్రమము శిశు ఆరోగ్యమునకు పరిమితమైనది. పట్టభద్రులైన నర్సులకు విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున నాలుగు నెలలు గాఢమైన శిక్షణ, పిమ్మట ఇరువది నెలలు బీదల నివాసప్రాంతములలో అభ్యాసము. బిడ్డను ఆపాదమస్తకము పరీక్షించుట, ఎదుగుదలను కొలుచుట, సామాన్య రుగ్మతలకు తామే చికిత్స చేయుట, అసామాన్యమును గుర్తించి డాక్టరు వద్దకు పంపుట వారు నేర్చిరి.

విమర్శలు రెండు వైపులనుండి వచ్చినవి. చదువు చాలనివారి చేతికి రోగులను అప్పగించుచున్నారని వైద్యులలో కొందరు అనిరి. నర్సు విద్యావేత్తలలో కొందరు అంతకంటె తీవ్రముగా పలికిరి. న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన మార్తా రోజర్స్ వంటి పండితురాలు, ఇది నర్సును వైద్యుని చేతిక్రింది మనిషిగా మార్చు ఉపాయమనియు, నర్సింగు అను స్వతంత్రశాస్త్రమునకు ద్రోహమనియు వాదించెను. ఫోర్డ్ అభిప్రాయము వేరు. రోగిని పరీక్షించుట, నిర్ణయించుట ఏ వృత్తికిని సొంతము కాదు. నేర్చినవారిది ఆ నేర్పు. పూర్వపు ప్రజారోగ్య నర్సులు చేసినదానినే తాము శాస్త్రబద్ధము చేయుచున్నామని ఆమె సమాధానము.

శిశువులతో ఆరంభమైన విద్య త్వరలోనే కుటుంబమునకు విస్తరించినది. 1970లో కెంటకీ కొండలలోని బ్రెకిన్‌రిడ్జ్ సంస్థయే కుటుంబ నర్సులకు శిక్షణ మొదలుపెట్టినది. గుఱ్ఱములపై తిరిగినవారి అనుభవము ఆ విధముగా పాఠ్యపుస్తకమైనది. మరుసటి సంవత్సరము ఐడహో రాష్ట్రము ఈ వృత్తిని చట్టమున గుర్తించినది. అట్లు గుర్తించిన రాష్ట్రములలో అదియే మొదటిది.

మాటలతో తేలని వివాదమునకు లెక్కలు కావలసివచ్చినవి. కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రపు బర్లింగ్టన్ పట్టణమున 1971–72లో ఒక పరీక్ష జరిగినది. ఒక వైద్యశాలకు వచ్చు 1,598 కుటుంబములను చీటీలు వేసినట్లు పంచిరి. రెండు వంతులు ఎప్పటివలెనే డాక్టర్లకు, ఒక వంతు నర్సు ప్రాక్టీషనర్లకు. సంవత్సరము ముగిసిన పిమ్మట చూడగా రెండు పక్షముల ఆరోగ్యమును ఒకే తీరుగా నున్నది. నర్సుల వద్దకు వచ్చినవారిలో నూటికి 67 సందర్భములలో డాక్టరు అవసరమే కలుగలేదు. 1974లో ప్రకటింపబడిన ఈ ఫలితములు లోకమును ఆకర్షించినవి. అయినను ఒక చిక్కు బయటపడినది. నర్సు చేసిన చికిత్సకు రుసుము వసూలు చేయు నిబంధన లేదు. అందుచే ఆ వైద్యశాల రాబడి తగ్గినది. రోగులకు మేలైనను లెక్కల పుస్తకమున నష్టమే కనిపించినది. ఆ తరువాత కెనడాలో ఆ విద్య చిరకాలము మందగించుటకు ఇట్టి కారణములే ముఖ్యములు.

అమెరికాలో తగవు న్యాయస్థానమునకు కూడ ఎక్కినది. మిస్సోరి రాష్ట్రమున కొందరు నర్సులు డాక్టర్ల లిఖితసూచనల ప్రకారము స్త్రీలను పరీక్షించి ఔషధములు ఇచ్చుచుండిరి. ఇది అనుమతి లేని వైద్యమని వైద్యమండలి బెదిరించినది. 1983లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము నర్సుల పక్షమున తీర్పు చెప్పినది. వృత్తినిపుణుని లక్షణము తన జ్ఞానము ఎంతవరకు పోవునో ఎరిగియుండుట యనియు, ఆ హద్దు ఎరిగినవారిని శంకింప పనిలేదనియు ఆ తీర్పు సారాంశము. ఈ కథలోని మాటలన్నిటిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఇదియే.

హద్దు ఎరుగుట యెట్లు? ఇచ్చటనే స్నాతకోత్తర విద్య ప్రసక్తి వచ్చును. ఆరంభమున చాలచోట్ల కొన్ని నెలల సర్టిఫికెట్టు శిక్షణయే ఉండెను. ఫోర్డ్ మొదటినుండియు విశ్వవిద్యాలయపు పైచదువుగానే దీనిని తలపోసినను, ధనము వచ్చిన మార్గములు, ప్రజల అవసరపు తొందర సర్టిఫికెట్టులకే దారితీసినవి. బోస్టన్ కళాశాల వంటివి 1967 నుండియే మాస్టర్సు పట్టము నిచ్చుచుండగా, ఇతర సంస్థలు క్రమముగా ఆ దారి పట్టినవి. 1990లు వచ్చుసరికి ఆ పట్టమే ప్రవేశద్వారమైనది.

ఆ పాఠ్యక్రమమునకు మూడు స్తంభములు: శరీరమున రోగము ఎట్లు పుట్టి పెరుగునో తెలుపు శాస్త్రము, రోగిని సమగ్రముగా పరీక్షించు విధానము, ఔషధముల గుణదోషములు. వానిపై కుటుంబవైద్యము నిర్మించెదరు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూచు గంటలు కనీసము ఐదువందలని చిరకాలము నియమముండెను. 2022లో దానిని 750కి పెంచిరి. జ్వరమునకు బిళ్ళ ఇచ్చుట ఆరు వారములలో నేర్పవచ్చును. ఏ జ్వరమునకు బిళ్ళ చాలదో తెలిసికొనుటకే ఈ చదువంతయు.

1997లో మెడికేర్ రుసుమును నర్సు ప్రాక్టీషనర్లకు నేరుగా చెల్లించు ఏర్పాటు జరిగినది. బర్లింగ్టనులో కనబడిన చిక్కు అమెరికాలో అట్లు కొంత విడినది. 2000వ సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయమువారు 1,316 మంది రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. అందును ఆరు నెలల పిమ్మట డాక్టర్ల రోగులకు, నర్సుల రోగులకు చెప్పదగిన భేదము కనబడలేదు. 2023 నాటికి ఆ దేశమున అనుమతి పొందిన నర్సు ప్రాక్టీషనర్లు 3,85,000కు పైబడిరి. వారిలో అధికసంఖ్యాకులు కుటుంబశాఖకు చెందినవారు. సగానికి మించిన రాష్ట్రములలో వారు డాక్టరు సంతకము లేకయే చికిత్స చేయవచ్చును.

అంతయు శుభమే యని చెప్పుట సత్యమునకు దూరము. వైద్యుని విద్యాకాలము నర్సు విద్యాకాలము కంటె చాల అధికమను డాక్టర్ల వాదము కొట్టివేయదగినది కాదు. క్లిష్టరోగములలో ఆ తేడాకు విలువ కలదు. విద్యాసంస్థలు విచ్చలవిడిగా పెరిగిన చోట విద్యార్థినికి రోగులను చూపు గురువు దొరకుట కష్టమగుచున్నది. 2004లో నర్సు కళాశాలల సంఘము మాస్టర్సు చాలదు, 2015 నాటికి డాక్టరేటు కావలెనని తీర్మానించినది. ఆ గడువు దాటినను మాస్టర్సు మార్గము మూతపడలేదు. చదువు పెరిగినకొలది ఖర్చు పెరిగి, పల్లెకు పోవు నర్సులే తగ్గుదురేమో యను శంక కొందరిది. లొరెటా ఫోర్డ్ ఈ వాదములన్నిటిని చూచి, 2025 జనవరి 22న నూటనాలుగేండ్ల వయసున కన్నుమూసెను.

ఇక మన సంగతి. మన దేశమున నర్సు విద్యలో పట్టము 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను ఆరంభమైనది. 1959లో ఢిల్లీలో మాస్టర్సు విద్య వచ్చినది. అనగా కొలరాడో ప్రయోగమునకు ఆరేండ్లు ముందే మన యొద్ద ఉన్నతవిద్య కలదు. అయితే ఆ పట్టము పొందినవారు పాఠశాలలకు, కార్యాలయములకు పోయిరి; రోగి మంచమునకు తిరిగి రాలేదు. పెప్లా మార్చిన వరుస ఇచ్చట మారలేదు. 2016లో తీవ్రరోగుల పరిచర్యకై నర్సు ప్రాక్టీషనరు విద్యను రెండేండ్ల స్నాతకోత్తర పాఠ్యక్రమముగా ప్రవేశపెట్టిరి. 2017లో తెలంగాణ ప్రభుత్వము కరీంనగరమున నర్సులకు పదునెనిమిది నెలల మంత్రసాని విద్యను ఆరంభించినది. మరుసటి యేడు కేంద్రప్రభుత్వము దేశమంతటికి అట్టి విధానమును ప్రకటించినది. తెలుగుగడ్డపై మొలచిన ఆ మొలక మనకు గర్వకారణము.

2018 నుండి ఉపకేంద్రములలో నియమింపబడుచున్న సామాజిక ఆరోగ్య అధికారులలో పెక్కుమంది నర్సులే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలలో రక్తపుపోటు, మధుమేహము మొదట కనిపెట్టువారు వారే. వారికి చెప్పిన ప్రత్యేక శిక్షణ ఆరు నెలలు. అమెరికా నర్సునకు పట్టము పైన రెండు మూడేండ్లు చదువగా వచ్చు బాధ్యతలో కొంతభాగము వీరి తలపై ఆరు నెలలకే పడినది. వారి శ్రద్ధను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు; శ్రద్ధపైననే భారమంతయు మోపుట న్యాయము కాదనుటయే మా మనవి.

అమెరికా వారి త్రోవ మనకు అచ్చముగా సరిపడదు. వారి ధనము వేరు, మన జనసంఖ్య వేరు. కాని ఒక పాఠము మాత్రము ఏ దేశమునకైనను చెల్లును. డాక్టరు లేని చోట నర్సు వైద్యము చేయుచునే యుండును. ఏ చట్టమును దానిని ఆపలేదు. మన చేతిలో నున్నది ఒక్కటే: ఆమె తెలిసి చేయునట్లు చూచుటయా, తెలియక చేయునట్లు వదలుటయా. వసారాలో కూర్చున్న నర్సమ్మ బిడ్డ రొమ్ముపై చేయి వేసినపుడు, ఇది తనకు లొంగునో లొంగదో నిశ్చయించుకొనగల చదువు ఆమెకు ఉండవలెను. చరకుడు మొదట చెప్పిన గుణము అదియే.